ఆ పొద్దున పిలిచింది నేను కాదు

దెయ్యాలంటే నాకు భయం లేదు. నమ్మకం అంతకన్నా లేదు. కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. స్కూలు వెనక చింతచెట్టు మీద ఏదో ఉందని ఆడపిల్లలు అటువైపు వెళ్లడం మానేస్తే, ఆ చెట్టు కిందే కుర్చీ వేయించుకుని పరీక్ష పేపర్లు దిద్దాను. చివరికి తొర్రలోంచి గుడ్లగూబ పిల్లలు బయటపడ్డాయి. అంతకుమించి ఏమీ లేదు.

కాబట్టి ఇది చదివి "పాపం, రిటైరయ్యాక ఈవిడకి మతి చలించింది" అనుకునేవాళ్లని నేనేమీ అనను. ఇంకెవరైనా రాస్తే నేనూ అదే మాట అనేదాన్ని.

మేముండేది అమలాపురంలో. మా వీధి చివర కాలవ, కాలవ పక్కన పార్కు. పార్కంటే ఏదో ఊహించుకోకండి. నడవడానికి ఒక బాట, అక్కడక్కడ బెంచీలు, రంగు వెలిసిపోయిన సిమెంటు జింకలు, మధ్యలో పెద్ద చెరువు. ఒకప్పుడు అక్కడ మట్టి తవ్వుకుపోయేవారట, అందుకని ఒడ్డు దిగితే చాలు, లోతు. చుట్టూ ఇనపకమ్మీలు పెట్టారు గానీ అవతలి ఒడ్డున మెట్ల దగ్గర అవి ఊడిపోయి చాలాకాలమైంది. నీళ్లు కనపడకుండా గుర్రపుడెక్క అల్లుకుపోయి ఉంటుంది. కొత్తవాళ్లు చూస్తే పచ్చిక అనుకుంటారు.

నాకు ఆ చెరువే కావాలి. పిట్టల్ని చూడడం నా పిచ్చి. దసరా వెళ్లి కార్తీకం వచ్చిందంటే ఎక్కడెక్కడి పిట్టలో దిగుతాయి. మెడలో బైనాక్యులర్స్ వేసుకుని పొద్దున్నే బయల్దేరితే "టీచరుగారు డ్యూటీకెళ్తన్నారండోయ్" అని వీధివాళ్లు నవ్వేవారు. నవ్వనీ. వాళ్లు పొద్దున్నే లేచి చూసేది ఫోనేగా.

మా ఆయన కూడా నాతో వచ్చేవారు. పిట్టల కోసం కాదు, మోకాళ్ల కోసం. కాకికీ కోకిలకీ తేడా ఏమిటంటే "రెండూ నల్లగానే ఉంటాయి కదోయ్" అనే రకం. నేను బెంచీ మీద, ఆయన బాట మీద. మంచి పిట్ట కనిపిస్తే నాకు ఆగేది కాదు. "ఏమండోయ్! ఇటు రండి, త్వరగా!" అని ఒక్క కేక పెట్టేదాన్ని. ఆ కేకకి పిట్ట కాస్తా ఎగిరిపోయేది. ఆయన ఆయాసపడుతూ వచ్చి ఖాళీ కొమ్మని చూసి "బావుందోయ్" అనేవారు.

ఇక్కడ ఆయన అలవాటొకటి చెప్పాలి, ఎందుకంటే మొత్తం కథ దాని మీదే ఉంది. ఆయనది రాజోలు, నాది గుడివాడ. మా వైపు ఎవరైనా పిలిస్తే "ఏంటి?" అంటాం. ఇక్కడివాళ్లు "ఆయ్" అంటారు. అందరూ అంటారు గానీ ఆయన సంగతి మరీను. పోస్టాఫీసు కౌంటర్లో జీవితమంతా ఆయ్ అంటూ గడిపిన మనిషి. రాంగ్ నంబరు వస్తే ఆయ్. బస్సులో కండక్టరు వేరేవాళ్లని పిలిస్తే ఈయన ఆయ్. టీవీలో ఎవరో "వింటున్నారా?" అంటే దానికీ ఆయ్. ముందు ఆయ్, ఆ తర్వాత ఎవరు, ఎందుకు అన్నది.

పెళ్లయిన కొత్తలో నాకు ఒళ్లు మండేది. ఎవరు పిలిచారో చూడకుండా పలకడమేమిటండీ అని దెబ్బలాడేదాన్ని. "పిలిచినోళ్లని నిలబెట్టకూడదోయ్, తప్పు" అనేవారు. మంచి మనిషి. మంచితనం ఎక్కువైనా కష్టమే.

కిందటి కార్తీకంలో నాకు జలుబు చేసి గొంతు పోయింది. బొంగురు కాదు, పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు ఉస్సుమనేది. చెవి ముక్కు గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి, స్వరపేటిక వాచిపోయింది, వారం పాటు మాట్లాడడానికి వీల్లేదు, గుసగుసలు కూడా వద్దన్నాడు. మాట్లాడదామన్నా వస్తే కదా.

పక్కింటి సుబ్బలక్ష్మిగారు పలకరించడానికొచ్చి, "అన్నయ్యగారూ, ఈ వారం మీకు ప్రాణం హాయిగా ఉంటాదండీ" అంటే ఈయన అలవాటు చొప్పున "ఆయ్" అనేశారు. నేను గరిటె చూపించాను. ముగ్గురం నవ్వుకున్నాం. నా నవ్వు మాత్రం ఎవరికీ వినపడలేదు.

గొంతు లేకపోతేనేం, కళ్లున్నాయి కదా, నేను పార్కు మానలేదు. మా పిట్టలవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో, తల నల్లగా, వీపు ముదురు నీలంగా ఉండే లకుముకి పిట్ట మా చెరువు దగ్గర కనిపించిందని పెట్టారు. అది మడ అడవుల పక్షి. ఊళ్లోకి రావడం అరుదు. ఫ్లాస్కులో వేడినీళ్లు పోసుకుని, తలకి శాలువా చుట్టుకుని బయల్దేరాను. ఆయన మామూలుగానే వెంట వచ్చారు.

ఆ పొద్దున మంచు బాగా పట్టింది. బాట మీద పలచగా ఉంది గానీ చెరువు మీద దుప్పటి పరిచినట్టే ఉంది. కాలవ వైపు ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. నేను నా బెంచీ మీద కూర్చున్నాను. ఆయన నడుచుకుంటూ అవతలి ఒడ్డుకి వెళ్లారు. మా ఇద్దరి మధ్యా చెరువు.

గోరింకలు గొడవ చేస్తున్నాయి. జమ్ములోంచి జెముడుకాకి ఊప్ ఊప్ అంటోంది. మామూలు పొద్దుటి సందడి. అంతలో అదంతా ఒక్కసారి ఆగిపోయింది.

గద్ద వస్తే పిట్టలు అలాగే నోరు మూసుకుంటాయి. నేను తలెత్తి గద్ద కోసం చూశాను. లేదు. అప్పుడు గమనించాను, చెరువులో కప్పలు కూడా అరవడం లేదు. పైన గద్ద తిరిగితే కప్పలకేం పట్టింది? ఆ మాట అనుకుంటూ ఉండగానే వినిపించింది.

"ఏమండోయ్!"

నా గొంతు.

ఎవరి గొంతు వాళ్లకి బయటినుంచి తెలియదంటారు. నాకు తెలుసు. కరోనా రోజుల్లో పాఠాలు ఫోనులో రికార్డు చేసి పిల్లలకు పంపేదాన్ని. పంపేముందు ప్రతిదీ వినేదాన్ని. అదే గొంతు. "డోయ్" దగ్గర పైకి సాగదీసే సాగతీత కూడా నాదే. నా చేయి దానంతటదే నా మెడ మీదకి పోయింది, కొంపదీసి నేనే పిలిచానేమోనని. నా నోరు మూసే ఉంది.

అవతలి ఒడ్డు నుంచి వెంటనే, "ఆయ్!"

"ఇటు రండి, త్వరగా!"

"వస్తన్నా, వస్తన్నా."

మంచు కాస్త విడిన సందులోంచి బైనాక్యులర్స్ ఎత్తి చూశాను. ఆయన బాట దిగి మెట్ల వైపు తిరిగారు. నేను పిట్టని చూడమని పిలిచినప్పుడు ఆయన మొహం మీద ఒక నవ్వు ఉంటుంది, "దీని పిచ్చి తగలెయ్య" అన్నట్టు. ఆ నవ్వే ఉంది. చెరువు మధ్యలో ఎవరినో చూస్తూ నవ్వుతున్నారు. ఆయన చూస్తున్న చోటికి నేనూ తిప్పి చూశాను. మంచు. అంతే. ఏ రూపమో కనిపించినా బావుండేది, ఫలానాదానికి భయపడ్డానని చెప్పుకోవడానికి ఉండేది.

మళ్లీ ఆయన వైపు తిప్పేసరికి మొదటి మెట్టు దిగారు. తర్వాతది దిగారు. పాదం గుర్రపుడెక్కలో దిగబడింది. ఆయనకి తెలిసినట్టే లేదు.

లేచి అరిచాను. అరిచానంటే నోరు తెరిచాను. గాలి వచ్చింది. జీవితమంతా అరవడమే పనిగా బతికినదాన్ని, అరిస్తే స్కూలు గేటు దాకా వినపడేది. ఆ రోజు కట్టుకున్నవాడు కళ్లెదుట నీళ్లలోకి నడిచిపోతుంటే నా నోట్లోంచి ఉస్సుమని గాలి వచ్చింది. చప్పట్లు కొట్టాను. ఫ్లాస్కు తీసి ఇనపకమ్మీ మీద బాదాను. ఎంత గట్టిగా బాదానంటే దాని మూత ఊడి ఎగిరిపోయింది. ఆయన ఒక్క క్షణం ఆగి, ఏదో అనుమానం వచ్చినట్టు నా వైపు తల తిప్పారు.

"అక్కడ కాదండీ. ఇంకొంచెం లోపలికి రండి."

"ఆయ్," అని మళ్లీ అటే తిరిగారు.

ఈ మాట నేను జన్మలో ఆయనతో అనలేదు. ఆ విసుగు మాత్రం నాదే.

పరిగెత్తాను. చెరువు చుట్టూ తిరిగి వెళ్లాలి. శాలువా ఎక్కడ పడిందో తెలియదు. పరిగెత్తుతున్నంతసేపూ ఆ గొంతు ఆయన్ని పిలుస్తూనే ఉంది, ఆయన ఆయ్ అంటూనే ఉన్నారు. ప్రతిసారీ ఆయన గొంతు ఇంకాస్త దూరం నుంచి వస్తోంది. దేవుడికి దణ్ణం పెట్టే మనిషిని కాదు గానీ ఆ రోజు దారంతా ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో నాకే తెలుసు.

మెట్ల దగ్గరికి చేరేసరికి ఆయన గుండెల్లోతు నీళ్లలో ఉన్నారు. ఒక చేత్తో మెట్ల పక్కన ఊడకుండా మిగిలిన కమ్మీ పట్టుకుని దిగి, రెండో చేత్తో ఆయన చొక్కా కాలరు అందుకున్నాను. ఆయన వెనక్కి తిరిగారు. నా మొహంలోకి చూశారు. జానెడు దూరం కూడా లేదు మా ఇద్దరికీ.

"కొంచెం ఉండండమ్మా," అన్నారు, దారిలో ఎదురైన పరాయి ఆడమనిషితో అన్నంత మర్యాదగా. "మా ఆవిడ పిలుస్తోందండి."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను ఎప్పుడూ అండి అనలేదు. నా చేతిలోంచి కాలరు విడిపించుకోవడానికి మెల్లగా, నాకు నొప్పి పుట్టకుండా, ఒక్కో వేలూ తీయడం మొదలుపెట్టారు.

అప్పుడే వెనకనుంచి సుబ్బలక్ష్మిగారు వచ్చారు. ఆవిడ కాలవలో దీపం వదలడానికి వచ్చి, ఫ్లాస్కు చప్పుడు విని ఇటు పరిగెత్తుకొచ్చారట. "అన్నయ్యగారూ! ఏంటండీ ఈ పని!" అని గావుకేక పెట్టారు. ఆ కేకకి ఆయన నిద్రలోంచి లేచినట్టు ఉలిక్కిపడ్డారు. నీళ్లు చూసుకున్నారు, నన్ను చూశారు. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని లాగాం.

బెంచీ మీద కూర్చోబెట్టి సుబ్బలక్ష్మిగారు తన కొంగుతో ఆయన తల తుడుస్తూ నన్ను కేకలేశారు. "మీకు బుద్ధి ఉందా వదినగారూ? గొంతు వచ్చేసిందని సంతోషపడ్డానండి నేను. కాలవ కాడ అందరం విన్నాం మీరు పిలవడం. పిట్టల పిచ్చి ఉంటే ఉండొచ్చు గానీ, అంత లోపలికి రమ్మంటారా మనిషిని?"

నేను నోరు తెరిచాను. ఉస్సుమంది.

ఆవిడ నా మొహం చూశారు, ఆ తర్వాత చెరువు వైపు చూశారు. కత్తివేటుకి నెత్తుటిచుక్క లేదు ఆవిడ మొహంలో. ఇంకో మాట మాట్లాడకుండా మమ్మల్నిద్దర్నీ లేపి గేటు వైపు నడిపించారు. పార్కు దాటేదాకా వెనక్కి చూడనివ్వలేదు.

మధ్యాహ్నం ఆయన కాస్త తేరుకున్నాక చెప్పారు. "నువ్వు పచ్చిక మీద నిలబడి ఉన్నావోయ్. శాలువా కప్పుకుని, అటు తిరిగి బైనాక్యులర్స్‌లో చూస్తన్నావు. పిలిచేవు, వచ్చేను." నీళ్లు తెలియలేదా అని కాగితం మీద రాసి అడిగాను. కాళ్లకి మంచు తడి అనుకున్నారట. నా గొంతు పోయిన సంగతి గుర్తు రాలేదా అని రాశాను. "పిలిస్తే పలకడమే తెలుసు గానీ అవన్నీ ఆలోచిస్తామా?" అన్నారు. మరి మిమ్మల్ని పట్టుకున్నది ఎవరనుకున్నారు అని రాశాను. ఆ కాగితం మడిచి నా చేతిలో పెట్టేశారు.

చదువుకున్నదాన్ని కదా, కారణాలు వెతకకుండా ఊరుకోలేదు. ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాను. ఆ వాపుతో కేక పెట్టడం అయ్యే పని కాదన్నాడు. తర్వాత పిట్టల మీద పడ్డాను. పెంపుడు గోరింకలు మనిషి మాట పట్టేస్తాయి. నేను రోజూ ఆ పార్కులో "ఏమండోయ్" అని అరుస్తూనే ఉన్నాను. పంజరంలోంచి తప్పించుకున్న గోరింక ఏదో పట్టేసి ఉంటుంది అనుకున్నాను. ఈ ఆలోచన వచ్చిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చుట్టుపక్కల వీధులన్నీ తిరిగి, గోరింక పోగొట్టుకున్నవాళ్లున్నారా అని రాసి చూపిస్తూ వాకబు చేశాను. ఎవరూ లేరు. ఉన్నారే అనుకుందాం. పిట్ట విన్నమాటే అంటుంది. "ఇంకొంచెం లోపలికి రండి" అని దానికి నేర్పిందెవరు?

మంచులో ఆయన కళ్లు మోసపోయి ఉండొచ్చు. మరి కాలవ ఒడ్డున వాళ్ల చెవులో? సుబ్బలక్ష్మిగారు మాత్రం తేల్చేశారు. "అందుకేనండీ పెద్దాళ్లు చెప్పేరు, మూడుసార్లు పిలిస్తే గానీ పలక్కూడదని." మూడు కాదు, అది ముప్పైసార్లయినా పిలిచేలాగే ఉంది అని రాసి చూపించాను. ఆవిడ ఆ కాగితం చింపేశారు.

నా గొంతు బాగయింది. బాగయిన రోజు వంటింట్లోంచి పిలిచాను, "ఏమండోయ్, కాఫీ!" అని. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. ముందు గదిలోకి వెళ్లి చూస్తే, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చుని ఉన్నారు. చొక్కా తడిసిపోయింది చెమటకి. "నువ్వేనా?" అన్నారు.

ఆ రోజు నుంచి నేను ఆయన్ని పిలవడం మానేశాను. కావాలంటే దగ్గరికి వెళ్లి భుజం తడతాను. ఇంట్లో ఎక్కడినుంచి నా గొంతు పిలిచినా అది నేను కాదని ఇద్దరం ఒక మాట అనుకున్నాం. బైనాక్యులర్స్ బీరువాలో పడేశాను. పార్కు ముఖం చూడలేదు. నెలలు గడిచాయి. ఆయన మళ్లీ కూరగాయలవాడికీ, పేపరు అబ్బాయికీ ఆయ్ అనడం మొదలుపెట్టారు. పోనీలే, గండం గడిచింది అనుకున్నాను.

ఇదంతా ఇవాళ కూర్చుని రాయడానికి కారణం నిన్న పొద్దున జరిగింది.

పెరట్లో కుళాయి దగ్గర పళ్లు తోముకుంటున్నాను. నోటినిండా పేస్టు నురగ. వీధి వైపు నుంచి నా గొంతు వినిపించింది. గట్టిగా కాదు, కాఫీకి పిలిచినంత మామూలుగా.

"ఏమండోయ్! ఇటు రండి."

ముందు గదిలోంచి, "ఆయ్."

బ్రష్షు పారేసి పరిగెత్తాను. ఆయన గేటు దగ్గర ఉన్నారు. గడియ తీసేశారు, చెప్పులు కూడా వేసుకోలేదు. వెనకనుంచి వెళ్లి చేయి పట్టుకున్నాను. ఇటు తిరిగారు. నన్ను చూశారు, వీధిలోకి చూశారు, మళ్లీ నన్ను చూశారు. వీధిలో ఎవరూ లేరు. నా చేతిలోంచి తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

"ఏదీ," అన్నారు. "ఓసారి పిలు."

నోరు తుడుచుకుని పిలిచాను. ఎప్పుడూ పిలిచినట్టే, ఇన్నేళ్లుగా పిలిచినట్టే. నాకు ఏడుపొచ్చేసింది, అయినా మళ్లీ పిలిచాను.

ఆయన నా మొహంలోకి చూస్తూ అలాగే నిలబడ్డారు. పలకలేదు. ఇవాళ్టికీ పలకలేదు.